అరవై తూటాల పలక

ఆయుధపూజ దగ్గరపడుతుంటే ఇల్లు దులపడం మా వీధిలో అందరికీ ఉత్సాహం. నాకు మాత్రం ఆ వారం రోజులూ ఒంట్లో బాగుండదు. దుమ్ము పడదని చెబుతాను. నిజానికి నా చిన్నప్పుడు ఒక ఏడాది ఆ పండగ వెళ్లిన నాలుగో రోజున మా ఇంట్లో ఏదో ఆగిపోయింది, మళ్లీ కదలలేదు. ఆ పండగ నాకు గిట్టకపోవడానికి అదే కారణం. ఈ ఏడు తప్పించుకునే వీలు లేకపోయింది. కోవిల్‌పట్టి ఇంటి పైకప్పు కారుతోందని అటక మీది సామానంతా దింపించాల్సి వచ్చింది. ఇత్తడి అండాలు, అవ్వ రోకలి, చెదలు తిన్న ఉయ్యాల తొట్టి, వాటన్నిటి వెనకా తుప్పు పట్టిన ఒక కడలమిట్టాయి, అంటే పల్లీపట్టీల డబ్బా. బెల్లం, వేరుశనగ వాసన వీధుల్లోకి వచ్చే ఊరు మాది. అలాంటి డబ్బాలు ప్రతి ఇంట్లోనూ పది ఉంటాయి. మూత తీస్తే తుపాకి నూనె వాసన కొట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసన పోలేదు.

డబ్బాలో మూడు వస్తువులు ఉన్నాయి. అరవై చిన్న గుంటలు తొలిచిన కొయ్య పలక, గడియారంలాంటి ముఖం ఉన్న ఒక కొలత పనిముట్టు, నాయన చేతిరాతతో నిండిన పొడుగాటి నోటుబుక్కు. పలక నాలుగు మూలలా కుంకుమ బొట్లు కొయ్యలోకి ఇంకి నల్లబడ్డాయి. అవి పెట్టిన వేలు మా అవ్వది. పలకను ఒళ్లో పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. సామాను దింపుతున్నవాళ్లు ఇది పారెయ్యాలా, అది పారెయ్యాలా అని అడుగుతుంటే అన్నిటినీ పక్కన పెట్టమన్నాను.

మాది తెలుగు ఇల్లు. తరతరాలుగా ఈ నల్లరేగడి చేలల్లో పత్తీ, మిరపా వేసుకుంటూ బతికిన కుటుంబం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు నోట్లో ఉండే తెలుగే. చదవడం, రాయడం ఎవరికీ రాదు. నాయన కూడా తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసుకునేవాడు. నాకు ఈ అక్షరాలు వచ్చింది శివకాశిలో. ఆంధ్రాకు పోయే క్యాలెండర్లు, పంచాంగాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఇంట్లో మాట్లాడేదే కదా, చదవడం ఎంతసేపు అన్నాడు మేనేజరు. అలా మొదలుపెట్టి ముప్పై ఏళ్లు ఎవరెవరి తప్పులో వెతికి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. అక్కకు నేర్పుతానని ఎన్నిసార్లు పలకా బలపం ముందు పెట్టానో. "మాట్లాడేదానికి నోరు ఉండాది కదా పాపా, రాసేదానికి కూడా తెలుగు ఏలనే" అని నవ్వి తోసేసేది. నాకు అరవై దాటినా అక్కకు నేను పాపనే.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన, అవ్వ, అక్క, నేను, ఇంట్లో నలుగురం. నాయనకు సేద్యం ఒక కన్ను, తుపాకి ఒక కన్ను. వేట తుపాకి అనుకునేరు. కాగితం మీద నల్లటి గుండ్రం గీసి, యాభై మీటర్ల దూరాన నిలబెట్టి, దాని నడిమి చుక్కను కొట్టే పాయింట్ టూ టూ రైఫిలు. విరుదునగర్ అవతల పొట్టి తుమ్మచెట్ల మధ్య ఒక మట్టి కట్ట, దాని ముందు రేకుల షెడ్డు, అదే రైఫిల్ క్లబ్బు. ఆదివారం ఆదివారం సాత్తూరు మీదుగా బస్సెక్కి పోయేవాడు. కంటికి పొర కమ్మడం మొదలయ్యాక తాను కాల్చడం మానేసి అక్కకు నేర్పాడు. ఆడపిల్లకు తుపాకి ఏమిటని బంధువులు గొణిగారు. నాయన వినపడనట్టు ముక్కుపొడి పీల్చి తుమ్మేవాడు. ఆయన తుమ్మితే ఆ సంగతి ముగిసినట్టే.

కాల్చడం ఆదివారం పని అయితే, మిగతా వారమంతా ఏరడం పని. సాయంత్రం నేను బడి నుంచి, అక్క కాలేజీ నుంచి వచ్చాక, వసారాలో ఎండ తగలని వైపు చాప పరిచి ముగ్గురం కూర్చునేవాళ్లం. తూటాను మా ఇంట్లో తోట్టా అనేవాళ్లం, తమిళంలో లాగే. యాభై తోట్టాల పెట్టెలు. ప్రతి పెట్టె చెవి మీద ఒక లాట్ నంబరు, ఏ విడతలో తయారైందో చెప్పేది. ఒకే కంపెనీ, ఒకే రంగు పెట్టె, ఒకే ధర అయినా ఒక లాటు దెబ్బలన్నీ రూపాయి బిళ్ల కింద దాగిపోయేవి, ఇంకో లాటువి అరచేతంత మేర చెదిరిపోయేవి. తుపాకిని ఇసుక సంచుల మీద ఆనించి లాటుకు పది చొప్పున కాల్చి, ఆ కాగితాలన్నీ పక్కపక్కన పరిచి చూసుకుని, మా తుపాకికి ఏది సరిపడుతుందో తేల్చేవాడు నాయన. పక్కవాడి తుపాకికి బంగారంలా పనిచేసిన లాటు మా దానికి పనికొచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "మన అవ్వకు వంకాయ పడదు, నీకు పడుతుంది. అంతే" అనేవాడు.

లాటు తేలాక తోట్టాలను ఒక్కొక్కటే చూడాలి. సీసపు మొన మీద నొక్కు ఉందా, ఇత్తడి తొడుగులో వంకరగా కూర్చుందా అని ముందు కంటితో. తర్వాత అంచు కొలత. ఈ రకం తోట్టాకు మందు అంటుకునే రసాయనం అడుగున అంచు చుట్టూ ఉంటుంది. తుపాకి సూది ఆ అంచునే కొడుతుంది. అంచు మందం ఒక్కోదానికి వెంట్రుకంత తేడా ఉన్నా దెబ్బ మారుతుందని నాయన నమ్మకం. కోవిల్‌పట్టిలో లేత్ పని చేసే ఆయన చేత చేయించిన పనిముట్టు అది. ఒక బెజ్జంలో తోట్టాను అంచు మీద వేలాడదీసి, పైనుంచి ముల్లు దించితే గడియారం ముఖం మీద అంకె కనిపిస్తుంది. అంకె చదవడం నా పని. నా కళ్లు బాగా పనిచేసేవి. నేను తమిళంలో అంకె చెబితే, అక్క పట్టకారుతో తోట్టాను ఎత్తి ఆ అంకె గిన్నెలో వేసేది. ఆఖరున తూకం. కంసాలి దగ్గర కొన్న పాత త్రాసులో ఒక పళ్లెంలో మేలైన తోట్టా, రెండో పళ్లెంలో పరీక్షించేది; తేడాకు ఒక బియ్యపు నూక. నూక పడితే సరి, రెండు నూకలు పడితే అది సాధనకు. పోటీకి పనికొచ్చేవాటిని ఈ పలకలో నిలబెట్టేవాళ్లం. మా ఊరి అగ్గిపెట్టెల పనికి అగ్గిపుల్లల చట్రాలు చేసే వడ్రంగి ఆచారి చేసిచ్చిన పలక ఇది. మూడు వందలు ఏరితే ఒక పలక నిండేది.

నాయన పదే పదే చెప్పేది రెండే మాటలు. ఒకటి, "దీన్ని విప్పి సరిచేసేదానికి లేదు పాపా. పెద్ద తుపాకి తోట్టా అయితే విప్పి మందు కొలిచి మళ్లా కట్టుకోవచ్చు. ఇది వాడు ఎట్ల చేసిచ్చినాడో అట్లనే. మనం ఏరుకొనేదే." రెండోది, "చెయ్యి తగలకూడదు." ఆ రెండో మాటకు కారణం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అవ్వ మడి కట్టుకున్నప్పుడు కూడా చెయ్యి తగలకూడదనేవాళ్లు, ఊరగాయ జాడీకీ చెయ్యి తగలకూడదనేవాళ్లు. ఇదీ అలాంటి మడే అనుకున్నాను. పదకొండేళ్ల పిల్లకు ప్రపంచమంతా చెయ్యి తగలకూడనివే.

అక్క గురించి చెప్పాలి. అప్పుడు ఆమె పీయూసీ చదువుతోంది. బోర్లా పడుకుని, రైఫిలు భుజానికి ఆనించి, ఊపిరి సగంలో ఆపితే ఆమె వీపు మీద నీళ్ల లోటా పెట్టినా తొణికేది కాదు. ఆమెకు ఆపరేషన్ డాక్టరు కావాలని కోరిక. ఎక్కడినుంచి పట్టుకుందో తెలియదు. మా వంశంలో కాంపౌండరు కూడా లేడు. నాయన ఆ కోరికకు తుపాకిని జతచేశాడు. "తుపాకి పట్టినప్పుడు వణకని చెయ్యి, కత్తి పట్టినా వణకదు. కండిప్పా డాక్టరు అవుతావు" అనేవాడు. కండిప్పా అంటే తప్పకుండా. అక్క ఆ మాటను వేదంలా నమ్మింది. విరుదునగర్ క్లబ్బులో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. అందులో నెగ్గితే తన చెయ్యి మీద తనకు నమ్మకం కుదురుతుందని, ఎండాకాలంలో డాక్టరు చదువుకు దరఖాస్తు పెడతానని అక్క నాతో చెప్పింది. ఓడిపోతే ఏం చేస్తావని నేను అడగలేదు. ఆమె ఓడిపోవడమన్నది నా బుర్రకు తట్టలేదు.

ఆ పోటీ ఆయుధపూజ అయిన నాలుగో రోజు. పండగనాడు రైఫిలు, కొడవళ్లు, నాగలి కర్రు, కుట్టు మిషను, నా బడి పుస్తకాలు అన్నీ వరసగా పెట్టారు. నిండిన పలకను నాయన స్వయంగా తెచ్చి రైఫిలు ముందు ఉంచాడు. అవ్వ గంధం గిన్నె, కుంకుమ గిన్నె పట్టుకుని కూర్చుంది. ప్రతి పనిముట్టుకూ బొట్టు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. పలక నాలుగు మూలలా పెట్టి ఊరుకోవచ్చు. కానీ మనవరాలి పోటీ కదా. నాయన హారతి పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు, అవ్వ ఒక్కొక్క తోట్టా మొనకూ గంధం అద్ది, దాని మీద కుంకుమ అద్ది, అరవై బొట్లు పెట్టింది. నడుం నొప్పితో మధ్యలో రెండుసార్లు ఆగింది. "నా బిడ్డ ఒక్కోటి కొట్టేటప్పుడు ఒక్కో బొట్టు కాపాడాల సామీ" అని సుబ్రమణ్యస్వామికి చెప్పుకుంది. నాయన తిరిగి వచ్చి చూసి నోరు తెరిచాడు, తల్లి ముఖం చూసి మూసేశాడు. పూజ అయ్యాక నాతో, "రేపు పూజ కదిలించినాక నేను చూసుకొంటాను, నువ్వు సుమ్మా ఉండు" అన్నాడు. సుమ్మా అంటే ఊరికే.

మర్నాడు తెల్లవారకముందే పెద్ద వాన పడింది. మా మెట్ట చేలకు ఏడాదికి ఒకటే అదను. ఆ వానకు విత్తనం పడకపోతే ఇక ఆ ఏడు లేనట్టే. నాయన కాఫీ కూడా తాగకుండా చేనికి పరిగెత్తాడు, రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. రెండో రోజు అక్క కాలేజీకి వెళ్లింది, నాకు బడి ఇంకా తెరవలేదు. పలక దేవుడి మూల అలాగే ఉంది. గంధం ఎండి పెచ్చులు కట్టింది, కుంకుమ కారి చారలు పడ్డాయి. నాయన వచ్చేసరికి శుభ్రం చేసి పెడితే మెచ్చుకుంటాడని నాకు తోచింది. ఆయన చెప్పే ఆ రెండో మాట తప్పలేదు నేను. చెయ్యి తగలనీయలేదు. నాయన పాత పంచె చింపి, ఒక్కొక్క తోట్టాను గుడ్డతో పట్టుకుని, తడిగుడ్డతో తుడిచాను. గంధం పోయింది కానీ మొన చుట్టూ ఏదో జిడ్డు మిగిలింది, కుంకుమ దాన్ని పట్టుకుని వదల్లేదు. చిమ్నీ దీపం తుడిచే కిరసనాయిలు గుర్తొచ్చింది. గుడ్డ మూలను అందులో ముంచి రుద్దితే జిడ్డంతా కరిగి వచ్చేసింది. అరవై తోట్టాలు తళతళలాడాయి. ఎండలో ఆరబెట్టి, ఏ గుంటలోది ఆ గుంటలోనే పెట్టాను. అంత జాగ్రత్తగా నేను జన్మలో ఏ పనీ చేయలేదు. నాయన బురద కాళ్లతో వచ్చి పలక చూసి, "అవ్వ తుడిచిందా?" అన్నాడు. "నేనే, చెయ్యి తగలనీలేదు" అన్నాను. అలసటతో కళ్లు వాలిపోతున్నాయి ఆయనకు. నా తల నిమిరి, పలకకు మూత బిగించి, సంచిలో పెట్టాడు.

పోటీ రోజున నన్ను కూడా విరుదునగర్ తీసుకెళ్లారు. మొదట కాల్చే దెబ్బలు లెక్కలోకి రావు, గాలినీ వెలుతురునూ చూసుకోవడానికి. వాటికి రెండో రకం తోట్టాలు, పెట్టెలోంచి. పది దెబ్బలూ నల్ల గుండ్రం నడుమ ఒకే బెజ్జంలా పడ్డాయి. దుర్బిణిలో చూసిన క్లబ్బు పెద్దమనిషి నాయన వైపు తిరిగి తల ఊపాడు. తర్వాత అక్క పలక మూత తీసింది. మొదటి నాలుగైదు బాగానే పడ్డాయి. ఆ తర్వాత ఒకటి పైకి, ఒకటి ఎడమకు, ఒకటి గుండ్రం దాటి తెల్లటి కాగితం మీదికి. అక్క లేచి మోచేతులు సర్దుకుని మళ్లీ పడుకుంది. ఊపిరి మార్చింది. పట్టు సడలించింది, బిగించింది. మధ్యలో ఒకసారి కుడిచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అరవయ్యో దెబ్బ అయ్యేసరికి కాగితాలు జల్లెడలయ్యాయి. తాడు వెనక నిలబడ్డ నాయన మాట్లాడటానికి వీల్లేదు. ముక్కుపొడి డబ్బా తెరిచి, పీల్చకుండా మూశాడు.

తిరుగు దారిలో నాయన మమ్మల్ని హోటల్‌కు తీసుకెళ్లాడు. నూనెలో వేయించిన పరోటాలకు విరుదునగర్ పెట్టింది పేరు. ముందుగా అనుకున్నది కాబట్టి మాట తప్పకుండా తీసుకెళ్లాడు. ఆకుల్లో పరోటాలు చల్లారిపోయాయి. అక్క ఒకే మాట అంది. "లెక్కలో లేనప్పుడు బాగా కొట్టినాను. లెక్క అనంగానే నా చెయ్యి వణికింది నాయనా."

ఇంటికొచ్చాక సాయంత్రం నాయన వసారాలో రైఫిలు గొట్టం శుభ్రం చేశాడు. గొట్టంలోంచి లాగిన గుడ్డ పీలికను ఎత్తి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. దాని మీద సన్నటి తళుకు పొట్టు. "ఏంది నాయనా అది, వెండి మాదిరి ఉండాదే" అని అడిగాను. ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న అక్క వైపు చూశాడు. "ఏమీ లేదు పాపా. పొయ్యి చదువుకో" అన్నాడు.

ఆ తర్వాత అక్క రైఫిలు ముట్టలేదు. ఎండాకాలంలో నాయన మదురై వెళ్లి డాక్టరు చదువు దరఖాస్తు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. నెల్లాళ్లు అక్కడే ఉంది. అవ్వ బతిమాలింది, నేను ఏడ్చాను. "వణికే చెయ్యితో ఎవురి కడుపు కొయ్యమంటారు?" అంది అక్క. దాని మీద ఒక అక్షరం కూడా రాయలేదు. భూగోళశాస్త్రం చదివి టీచరైంది. విరుదునగర్ బడిలో పాతికేళ్లకు పైగా పాఠం చెప్పింది, మంచి టీచరని పేరు. కానీ ఎవరైనా చూస్తుంటే సూదిలో దారం ఎక్కించేది కాదు. పసిబిడ్డను చేతికిస్తే ఎత్తుకునేది కాదు, కూర్చుని ఒళ్లో పెట్టించుకునేది. హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మంటే, "గడ్డు సమయం వస్తే నేను నిలవను" అని తప్పుకుంది. పెళ్లి, భర్త పోవడం, రిటైరవడం అన్నీ ఆ ఒక్క వాక్యం కిందే జరిగాయి. ఆమె చెయ్యి వణకడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు. రోజూ పొద్దున ఆమె వాకిట్లో వేసే కోలం ముగ్గు గీత తీగలా ఉండేది. చూసి మేమంతా మెచ్చుకునేవాళ్లం, ఆమె చీపురుతో చెరిపేసేది.

మెట్టు మీద కూర్చుని ఆ నోటుబుక్కు తిప్పాను. లాట్ నంబర్లు, అంచు అంకెలు, వాన కురిసిన రోజులు, కాగితాల కొలతలు. ప్రూఫులు దిద్దిన కన్ను కదా, అంకెల మధ్య మాటలు ఉన్న చోట ఆగింది. తమిళ అక్షరాల్లో మా ఇంటి తెలుగు. "గొట్టంలో సీసం పట్టుండాది. తోట్టాలకు మైనం లేదు. చిన్నది తుడిచేసుండాది. నాదే తప్పు, మైనం సంగతి చెప్పలేదు." సీసం గొట్టానికి రాసుకుని అంటకుండా తూటా మొనకు మైనం పూస్తారట. అంటితే దెబ్బలు చెదిరిపోతాయట. నేను జిడ్డు అనుకున్నది అదే. కింద ఇంకా ఉంది. "చిన్నదానికి చెబితే ఫిట్స్ వస్తాయి. పెద్దదానికి చెబితే చెల్లెల్ని చూసినప్పుడంతా అదే గుర్తొస్తుంది. తల్లి లేని బిడ్డలు. పెద్దది తట్టుకొంటుంది. ఇంకో పోటీ వస్తుంది, సరిపోతుంది." నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఎవరైనా గట్టిగా అరిస్తే కళ్లు తేలేసేదాన్ని. డాక్టరు భయపెట్టవద్దన్నాడు. ఇంకొన్ని పేజీల తర్వాత ఒక్క వరస: "ఫారం నింపలేదు. ఈ దినం చెప్పాలి." ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

చదివి ఏడ్చానని రాస్తే బాగుంటుంది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మూడు వందల తూటాల్లో అరవై ఏరినట్టు మా ఇద్దరిలో తట్టుకునేది ఏదో, తట్టుకోనిది ఏదో ఏరాడు నాయన. ఆయన త్రాసులో ఒక నూక బరువు తేడాతో నేను తేలిపోయాను, అక్క మీద బరువు పడింది. నేను నిబ్బరంగా నిద్రపోయాను, ఫిట్స్ తగ్గిపోయాయి, ఉద్యోగం చేశాను, పండగ దుమ్ము పడదని సాకులు చెప్పాను. ఇప్పుడు మా వీధిలో అగ్గిపుల్లలు చేత్తో చట్రాల్లో పేర్చేవాళ్లు లేరు, అంతా మిషన్లు. వసారాలో కూర్చుని ఒక్కొక్కటే ఎత్తి చూసే పనులే పోయాయి. ఆ రోజుల ఓపిక గురించి నేనే ఎంతమందికో గొప్పగా చెప్పాను. అంత ఓపిక ఉన్న మనిషికి ఒక్క వాక్యం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన మీద ప్రేమ తగ్గలేదు. కోపమూ తగ్గలేదు.

రెండు రోజులు ఊగిసలాడి విరుదునగర్ వెళ్లాను. పలక ఒక్కటే బయటికి తీశాను. నోటుబుక్కు సంచి అడుగున ఉంది. ఎంతవరకు చెప్పాలో బస్సులో తేలలేదు, ఆమె గుమ్మం దగ్గరా తేలలేదు. అక్క మల్లెలు కడుతోంది. పలక చూడగానే పూలు పక్కకు జరిపి, "ఎక్కడుండిందే ఇది" అని గుంటల మీద వేలు నడిపింది. నేను చెప్పేశాను. గంధం, కుంకుమ, పంచె గుడ్డ, కిరసనాయిలు, మైనం. తల ఎత్తకుండా చెప్పాను. అరవై దాటిన మనిషిని, పదకొండేళ్ల పిల్లలా నా గొంతు నాకే వినిపించింది.

అక్క పలకను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "ఎప్పుడూ తోట్టా పెట్టేటప్పుడు వేళ్లకు జిడ్డు అంటేది. ఆ దినం అంటలేదు పాపా. వేళ్లు పొడిగా ఉండినాయి. బయానికి అట్ల అయినాయేమో అనుకొన్నాను" అంది. "నన్ను కొట్టు అక్కా" అన్నాను. "సుమ్మా ఉండు. చిన్నబిడ్డవు, నీకేం తెలుసు." కుడిచేతిని ముందుకు చాపింది. వేళ్లు విప్పి గాలిలో నిలిపింది. డెబ్బైకి దగ్గరపడ్డ చెయ్యి, ముడతలు పడ్డ చెయ్యి. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది కదల్లేదు. "బాగనే ఉండాదే" అంది అక్క, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు. ఆ మాటతో నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

నా కళ్లు తుడిచి, అడిగింది. "నాయనకు తెలుసునా?"

నా సంచి నా కాళ్ల దగ్గర ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో నోటుబుక్కు. నాయన ఫోటో ఆమె వెనక గోడ మీద ఉంది, పొద్దున పెట్టిన పూలతో. ఆమె రోజూ తలుచుకునే మనిషి ఆయన ఒక్కడే. తన చెయ్యి వణకదని నమ్మిన మనిషి నాయన ఒక్కడేనని ఎన్నిసార్లు చెప్పిందో.

"తెలియదు అక్కా" అన్నాను.

"అదే కదా. తెలిసుంటే చెప్పకుండా ఉంటాడా నాయన" అంది. ఊపిరి వదిలి, మల్లెలు దగ్గరికి లాక్కుని, మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ఆ మాల ఎవరికో నాకు తెలుసు.

నోటుబుక్కు తిరిగి డబ్బాలో పెట్టాను. అది తమిళ అక్షరాల్లో ఉంది, అక్క చదవగలదు, కాబట్టి ఆమె కంట పడనీయను. నాయన చేసిందే నేనూ చేశాను, ఆయన మీద నాకున్న కోపం ఇక ఏ ముఖంతో పెట్టుకోను. ఎవరికో ఒకరికి చెప్పకుండా మాత్రం ఉండలేకపోయాను. ఇది పుస్తకంగా అచ్చయితే మొదటి ప్రతి అక్కకే ఇస్తాను. నా పేరు ఎక్కడుందో చూపించమంటుంది, దాని మీద వేలు పెట్టి నడుపుతుంది. పక్కింటివాళ్లను పిలిచి చూపించి, బీరువాలో నాయన కళ్లజోడు పక్కన దాచుకుంటుంది. ఆమెకు ఈ అక్షరాలు రావు.